మూడో చెయ్యి ఎవరిది?

ఆసుపత్రులలో రక్తం తీసే నర్సుకో, లేబొరేటరీ టెక్నీషియనుకో సూది గుచ్చుకున్నదని తెలిసిన ప్రతిసారీ యాజమాన్యాల నోట వెలువడేది ఒకే ఒక్క మాట: అజాగ్రత్త. పని ఎట్లా జరిగింది, ఏ పనిముట్లతో జరిగింది, పక్కన సహాయానికి ఎవరున్నారు అన్న విచారణ ఉండదు. సంజాయిషీ కోరే కాగితం మాత్రం ఆ సాయంత్రానికే తయారవుతుంది. ఈ మాటను మేము తిరస్కరిస్తున్నాము. పసిపిల్లల వార్డులలో జరిగే సూదిపోట్ల విషయంలో ఇది అసత్యమే కాక, దెబ్బ తిన్నవారినే దోషిగా నిలబెట్టే అన్యాయం కూడా.

ఈ బులెటిన్ పాఠకులలో రైల్వే, బొగ్గు గనుల, విద్యుత్ కార్మికులున్నారు. భివండీ, సూరత్, షోలాపూర్ మగ్గాల వద్ద పనిచేసే తెలుగువారున్నారు. వారిలో చాలామంది జ్వరంతో ఉన్న బిడ్డను ఒడిలో పెట్టుకొని ఈ పనిని చూసినవారే గాని, చేసినవారు కారు. కనుక పని స్వరూపాన్ని కొంత వివరంగా చెప్పక తప్పదు.

ఎనిమిది నెలల బిడ్డకు రక్తపరీక్ష రాశారనుకుందాం. కావలసింది అర మిల్లీలీటరు రక్తం. అది పట్టే గొట్టం చిటికెన వేలంత ఉంటుంది. దాని లోపల రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు పూసి ఉంటుంది. టెక్నీషియను బిడ్డ చేతిలోని సన్నని నరంలోకి సూది పోనిచ్చి, సిరంజిలోకి రక్తం లాగుతాడు. సూది బయటికి తీయగానే గాయం మీద దూది అదిమి పట్టాలి. అది ఒక చెయ్యి. సూదితో ఉన్న సిరంజి రెండో చేతిలో ఉన్నది. సిరంజిలోని రక్తం నిమిషాలలో గడ్డకడుతుంది, కనుక వెంటనే గొట్టంలోకి మార్చాలి. మరి ఆ గొట్టాన్ని పట్టుకునే మూడో చెయ్యి ఎవరిది?

డ్యూటీ పట్టికలో ఆ చెయ్యి లేదు. అందువలన జరుగుతున్నదేమిటి? దూదిని తల్లికి అప్పగించి, టెక్నీషియను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గొట్టాన్ని ఇరికించుకొని, కుడిచేతిలోని సూదిని దాని మూతి వద్దకు తెస్తాడు. పట్టుకున్న వేళ్లకూ సూది మొనకూ మధ్య దూరం అంగుళం లోపే. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తూ కాళ్లు తన్నుకుంటాడు, తల్లి మోచెయ్యి తగులుతుంది, వెనుక వరుసలో ఇంకా ఎందరో నిలబడి తొందరపెడుతుంటారు. గొట్టంలోకి పోవలసిన సూది వేలిలోకి పోతుంది. దీనిని అజాగ్రత్త అని పిలిచే అధికారులు ఒక్క పూట ఆ బల్ల దగ్గర కూర్చొని చూడవలసిందని మా విన్నపం.

ఇంతకన్నా దారుణమైన పద్ధతి మరొకటి ఉన్నది. పనివారు మరీ తక్కువైన చోట, "అమ్మా, కాస్త ఈ ట్యూబు పట్టుకో" అని తల్లి చేతికే గొట్టం ఇవ్వడం మా కార్యకర్తలు చూశారు. ఆమెకు చేతి తొడుగు లేదు, శిక్షణ లేదు, చేతులు వణుకుతుంటాయి. లేకపోతే వార్డు ఆయమ్మ పట్టుకుంటుంది. సూది ఆయమ్మకు గుచ్చుకుంటే ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు, ఎందుకంటే రక్తం తీయడం ఆమె పనే కాదు గదా!

ఈ పని సక్రమంగా చేసే విధానం ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే రక్తం తీసే పద్ధతులపై మార్గదర్శక గ్రంథం వెలువరించింది. పసిపిల్లల విషయంలో ఒకరు రక్తం తీయాలని, మరొకరు బిడ్డను కదలకుండా పట్టుకోవాలని అందులో చెప్పారు. ఆ రెండోవారు మరొక టెక్నీషియను కావచ్చు, తల్లిదండ్రులు కావచ్చు. అంటే బిడ్డను తల్లి పట్టుకోవచ్చు. రక్తపు గొట్టాన్ని పట్టుకోమని మాత్రం ఆ గ్రంథం తల్లికి చెప్పలేదు. సిరంజితో తీసిన రక్తాన్ని మార్చేటప్పుడు గొట్టాన్ని ముందుగా స్టాండులో నిలబెట్టాలని, ఒక్క చేతితోనే నింపాలని, లేదంటే సూదికీ పట్టుకున్న చేతికీ మధ్య రక్షణగా అడ్డు ఉండాలని కూడా అందులోనే ఉన్నది. మూడో చెయ్యి మనిషిదే కానక్కరలేదు. రంధ్రాలున్న ఒక దిమ్మె చాలు!

"స్టాండ్లు ఇచ్చాము గదా" అని యాజమాన్యాలు జవాబు చెబుతున్నాయి. ఇచ్చినవి ఏవి? పెద్దల రక్తం తీసే గొట్టాలకు, అంటే 13 మిల్లీమీటర్ల వెడల్పు, 75 మిల్లీమీటర్ల పొడవు ఉన్నవాటికి తయారైన స్టాండ్లు. పిల్లల గొట్టం ఆ రంధ్రంలో నిలవదు. లోపలికి జారిపోతుంది, లేదా పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగిన గొట్టాన్ని సరిచేయడానికి మళ్లీ వేళ్లే పోవాలి. చిన్న గొట్టాలకు సరిపడే స్టాండ్లు ఉన్నాయి. కింద పొడవైన కాడ అతికించి, పెద్ద స్టాండులోనే నిలబడేట్టు తయారుచేసిన చిన్న గొట్టాలూ ఉన్నాయి. కొనుగోలు కమిటీలలో ఆ బల్ల దగ్గర పనిచేసేవారు ఒక్కరైనా ఉండి ఉంటే ఈ సంగతి మొదటిరోజునే తేలేది. టెండరు కాగితం మీద అతి తక్కువ ధర పలికినవాడిదే గెలుపు. ఆ ధరలో మిగిలిన రూపాయి ఎవరి వేలి నుండి వసూలవుతున్నదో ఆ కాగితం మీద ఉండదు.

నవజాత శిశువుల విభాగంలో పరిస్థితి మరింత సున్నితమైనది. పుట్టిన రెండో, మూడో రోజున కామెర్లు కనబడిన బిడ్డకు మడమ మీద చిన్న గాటు పెట్టి, వెంట్రుకవాసి రంధ్రం ఉన్న గాజు గొట్టంలోకి రక్తం ఎక్కిస్తారు. కేపిలరీ ట్యూబు అని మనవారు పిలిచే ఈ గొట్టం 75 మిల్లీమీటర్ల పొడవు, అగ్గిపుల్ల కన్నా సన్నం. నిండిన తరువాత దాని ఒక కొనను మట్టిపలకలో గుచ్చి మూసి, సెంట్రిఫ్యూజిలో తిప్పుతారు. గుచ్చేటప్పుడు ఏ మాత్రం వంకరగా ఒత్తిడి పడినా అది పుటుక్కున విరిగి, రక్తంతో సహా వేలిలోకి దిగుతుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలపై అజమాయిషీ చేసే సంస్థ, వృత్తి రక్షణ సంస్థలతో కలిసి 1999 ఫిబ్రవరిలోనే ఈ గాజు గొట్టాలపై హెచ్చరిక విడుదల చేసింది. గాజు కానివి వాడమని, లేదా గుచ్చుకోని పొర చుట్టిన గాజు వాడమని, చేత్తో మట్టిలో గుచ్చే పద్ధతి మానమని సలహా ఇచ్చింది. పాతికేళ్లు దాటిపోయాయి. మన వార్డులలో వట్టి గాజు ఇంకా కనబడుతూనే ఉన్నది.

సూది తల విరిచి, ఆ మొండి సూదిని శిశువు నరంలో ఉంచి, కారే బొట్లను గొట్టంలోకి పట్టే అలవాటు కూడా కొన్ని చోట్ల ఉన్నది. విరిచేటప్పుడు ప్రమాదం, పట్టేటప్పుడు ప్రమాదం, పారవేసేటప్పుడు మరొక ప్రమాదం. దీనిని నేర్పుగా చెప్పుకునే సీనియర్ టెక్నీషియన్లతో మేము గౌరవపూర్వకంగా విభేదిస్తున్నాము. వారి చేతి నేర్పును మేము శంకించడం లేదు. కాని పనిముట్లు ఇవ్వని యాజమాన్యానికి ఆ నేర్పే ఊతకర్ర అవుతున్నది. "ఆయన ఇరవై ఏళ్లుగా వేళ్లతోనే పట్టుకుంటున్నాడు, నీకేమైంది?" అని నిన్నగాక మొన్న చేరిన కాంట్రాక్టు పిల్లను గద్దించడానికి వారిని ఉదాహరణగా చూపుతున్నారు.

ఇప్పుడు ఆ చిన్న సూదిపోటు వెల ఎంతో చూద్దాం. హెపటైటిస్-బి ఉన్న రోగి రక్తంతో సూది గుచ్చుకుంటే, టీకా లేని వ్యక్తికి ఆ వ్యాధి సోకే అవకాశం నూటికి ముప్పై వరకు ఉండవచ్చు. హెపటైటిస్-సి విషయంలో అది నూటికి రెండు లోపు, హెచ్.ఐ.వి. విషయంలో వెయ్యికి సుమారు మూడు. పసిబిడ్డ రక్తంలో ఏముంటుందిలే అని కొందరు అనుకుంటారు. తల్లి నుండి బిడ్డకు ఇవి మూడూ సంక్రమించగలవన్నది వైద్యశాస్త్రంలో ప్రాథమిక పాఠం.

వీటిలో మొదటిదానికి టీకా ఉన్నది. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను దేశీయంగా తయారుచేసి, విదేశీ టీకాల ధరకు ఎంతో తక్కువగా మార్కెటులోకి తెచ్చింది. జాతీయ టీకా కార్యక్రమంలో దేశమంతటా పిల్లలకు అది అందడం మొదలైంది 2011లో. అంటే నేడు వార్డులలో పనిచేస్తున్నవారిలో అత్యధికులకు బాల్యంలో ఆ టీకా అందలేదు. ఆసుపత్రి వేయించాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ సంగతిని స్పష్టంగా చెబుతున్నాయి: వ్యర్థాలను ముట్టుకునే ఆరోగ్య కార్మికులందరికీ, ఇతరులకూ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత నిర్వాహకునిది, ఏటా శిక్షణ, ఏటా ఆరోగ్య పరీక్ష కూడా అతని బాధ్యతే. "ఇతరులకూ" అన్న మాటను పాఠకులు గమనించాలి. పర్మినెంటు ఉద్యోగికి ఒక న్యాయం, కాంట్రాక్టు ఆయమ్మకు మరొక న్యాయం అని ఆ నియమాలలో లేదు. ఆచరణలో మాత్రం ఆసుపత్రి కాంట్రాక్టరును చూపుతుంది, కాంట్రాక్టరు ఆసుపత్రిని చూపుతాడు. మూడు డోసులూ పూర్తయినవారెవరని మా సభలలో అడిగినప్పుడు లేచే చేతులు చాలా కొద్ది.

నష్టపరిహారం సంగతీ ఇంతే. ఆరోగ్య, ప్రయోగశాల పనులలో సోకే అంటువ్యాధులను వృత్తివ్యాధులుగా 1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలులో చేర్చారు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ జాబితా కొనసాగింది. కాని వ్యాధి పనిలోనే సోకిందని నిలబెట్టాలంటే సూది గుచ్చుకున్న రోజున రాసిన రిజిస్టరు కావాలి, ఆ రోజుకు వ్యాధి లేదని చూపే రక్తపరీక్ష కావాలి. సంజాయిషీ నోటీసుకు భయపడి వేలిని కుళాయి కింద కడుక్కొని, ఎవరికీ చెప్పక మళ్లీ పనిలో కూర్చునే అమ్మాయికి ఆ రెండూ ఉండవు. అంతకన్నా విషాదం, హెచ్.ఐ.వి. నివారణ మందు మొదటి రెండు గంటలలో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు. ఆ గంటలను ఆమె భయంతో మింగేస్తుంది. "అజాగ్రత్త" అన్న ఒక్క మాట చేసే హాని ఇది. ఆ మాట సూదిపోట్లను తగ్గించదు, వాటిని దాచిపెడుతుంది.

ఇతర దేశాల కార్మికులు ఈ మాటతో పోరాడి గెలిచారు. అమెరికాలో 2000 సంవత్సరంలో వచ్చిన సూదిపోట్ల నివారణ చట్టం, పరికరాల ఎంపికలో అధికారులు కాని క్షేత్రస్థాయి ఉద్యోగుల అభిప్రాయం తీసుకోవాలని, ప్రతి గాయాన్నీ రిజిస్టరులో రాయాలని యాజమాన్యాలను కట్టడి చేసింది. ఐరోపాలో ప్రభుత్వోద్యోగ సంఘాల సమాఖ్య, ఆసుపత్రి యాజమాన్యాల సంఘం 2009లో కుదుర్చుకున్న ఒప్పందమే 2010లో ఐరోపా సమాజమంతటికీ శాసనమైంది. వ్యక్తిని నిందించే పద్ధతిని విడిచి, పని ఏర్పాటులోని లోపాలను వెదకాలన్నది ఆ ఒప్పందంలోని సూత్రాలలో ఒకటి. 2025 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిస్థలాలలోని జీవసంబంధ ప్రమాదాలపై 192వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. దానిని మన ప్రభుత్వం ఆమోదించాలన్న డిమాండును ప్రతి ఆసుపత్రి గేటు దగ్గరా వినిపించవలసి ఉన్నది.

నిధులు లేవంటారు. రంధ్రాల దిమ్మెకు, ప్లాస్టిక్ గొట్టానికి, మూడు డోసుల టీకాకు లేని నిధులు గేటు ముందు పాలరాతి ఫలకాలకు ఎట్లా వస్తున్నాయో మాకు అర్థం కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉన్నది ఈ వాదన.

యూనియనుకు కార్మికుల గోడే గాని బిడ్డల గోడు పట్టదని మరొక నింద. వేళ్ల మధ్య వణికే గొట్టంలోకి తొందరగా చిమ్మిన రక్తంలో కణాలు పగులుతాయి. సరిగా కలపని రక్తం గడ్డకడుతుంది. నమూనా పనికిరాదని ల్యాబు తిప్పి పంపుతుంది. అప్పుడు ఆ పసివాడికి రెండోసారి సూది గుచ్చుతారు. మూడు కిలోలు లేని శిశువుకు ప్రతి బొట్టూ లెక్కే. గొట్టం స్థిరంగా నిలబడితే బిడ్డకు ఒక పోటు తప్పుతుంది, టెక్నీషియనుకు ఒక పోటు తప్పుతుంది. ఈ రెంటినీ విడదీసి చూసేవారే బిడ్డల పేరు చెప్పుకుంటున్నారు.

ఆరోగ్యరంగ యూనిట్ కమిటీలు ఈ నెలలోనే తమ ఆసుపత్రిలోని పిల్లల వార్డు, నవజాత శిశు విభాగం, రక్తం తీసే గది చూసి, చిన్న గొట్టాలకు సరిపడే స్టాండు ఉన్నదా లేదా, సూదులు వేసే తెల్లడబ్బా చేతికందే దూరంలో ఉన్నదా, కేపిలరీ గొట్టాలు గాజువా ప్లాస్టిక్‌వా, రాత్రి డ్యూటీలో రెండో మనిషి ఎవరు అన్న వివరాలు రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులలో టీకా పూర్తికానివారి సంఖ్యను, పేర్లు లేకుండా, వేరుగా జతపరచాలి. సూదిపోటుకు సంజాయిషీ నోటీసు అందుకున్న సభ్యులు ఎవరైనా ఉంటే, వారు ఒంటరిగా జవాబు రాయక, ముందుగా యూనిట్ కార్యదర్శిని కలవాలి. ఆ జవాబు యూనియను రాస్తుంది.