పెరుగు ఆహారమా, ఔషధమా?

పసిపిల్లల బుగ్గల మీద, కాస్త పెరిగిన పిల్లల మోచేతి మడతలలో ఎర్రగా పొక్కి, రాత్రంతా నిద్ర లేకుండా దురద పెట్టే వ్యాధిని వైద్యులు ఎగ్జిమా అంటారు. దీనిని గజ్జి అని భ్రమపడి బిడ్డను తోటి పిల్లలకు దూరంగా ఉంచడం కద్దు. అది అన్యాయం. గజ్జి అంటుకొంటుంది, ఎగ్జిమా అంటుకొనదు. చర్మపు రక్షణపొర బలహీనపడడం, హాని చేయని పదార్థాలను సైతం శరీరపు రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా భావించి పోరాడడం దీనికి మూలం.

పేగులలోని సూక్ష్మజీవులు ఈ వ్యవస్థకు శత్రుమిత్ర వివేకం నేర్పుతాయన్న భావనతో శాస్త్రజ్ఞులు ప్రోబయోటిక్స్ వైపు, అనగా మేలుచేసే సజీవ సూక్ష్మజీవుల వైపు దృష్టి సారించారు. అలర్జీలున్న కుటుంబాలలోని గర్భిణులకు, ఆపై వారి శిశువులకు వీటిని ఇచ్చి చూసిన ఫిన్లాండు ప్రయోగం 2001లో వెలువడింది. రెండేళ్ల వయసు నాటికి ఎగ్జిమా వచ్చినవారు, ఇవ్వనివారిలో నూటికి 46 మంది. ఇచ్చినవారిలో 23 మంది. కాని అదే సూక్ష్మజీవితో జర్మనీలో జరిపి 2008లో ప్రకటించిన ప్రయోగంలో ఆ మేలు కనిపించలేదు. వ్యాధి వచ్చిన తరువాత చికిత్సగా వాడిన 39 ప్రయోగాలను 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించి, ప్రయోజనం స్వల్పమో శూన్యమో అని తేల్చింది.

ఒడిశా పల్లెలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన ప్రయోగంలో ఒక ప్రోబయోటిక్ సెప్సిస్ అనే ప్రాణాంతక వ్యాధిని గణనీయంగా తగ్గించినట్లు 2017లో వెల్లడైన మాట నిజమే. అయితే అక్కడి సూక్ష్మజీవి వేరు, వ్యాధి వేరు. ఒక్క తాళపుచెవితో అన్ని తాళాలూ తెరుచుకోవు.

అట్లయితే పెరుగు మానవలెనా? అక్కరలేదు. ఇంట తోడు పెట్టిన పెరుగు చక్కని ఆహారం. దానిని, దాని పేర అమ్మే ఖరీదైన పొడులను ఎగ్జిమాకు మందుగా నమ్మి, వైద్యుడిచ్చిన చికిత్సను మధ్యలో మానివేయడమే ప్రమాదం. స్నానం కాగానే చర్మానికి తేమ నిలిపే లేపనం పూయడం, వైద్యుని సలహా లేనిదే స్టీరాయిడ్ లేపనాలు వాడకుండుట, ఇవి ఖర్చు తక్కువైన వివేకాలు. దవా, దువా రెండూ కావాలని మన పెద్దలు చెప్పారు. వాణిజ్య ప్రకటనను మూడవదిగా చేర్చలేదు.

షాద్‌నగర్ పరిసర గ్రామాల నుండి వచ్చే విద్యార్థులారా! మీ ఇంట మందుపెట్టె మీది అక్షరాలను మొదట చదవగలిగేది మీరే కావచ్చు. చదివి, పెద్దలకు వినయంగా వివరించండి. కళాశాల కమిటీవారు ఏటా ఒక చర్మవైద్యుని పిలిపించి, ఉర్దూ తెలుగు భాషలలో తల్లులకు ఉపన్యాసం ఏర్పాటు చేస్తే, మన విద్య గడప దాటి ఇళ్లకు చేరినట్లవుతుంది.