ఫలింపని పొదయు, అడవిపువ్వులును

పెరటితోట పెంచువారిలో రెండు లోపములను మేము తరచుగ చూచుచున్నాము. కాయని పొదను జాలిచే ఏండ్ల తరబడి నిలుపుకొనుట మొదటిది. తనంత మొలచిన పూలమొక్కను పనికిమాలినదని పెరికివేయుట రెండవది. ఈ రెండును దిద్దుకొనవలసినవే యని మా యభిప్రాయము.

మా పెరటిలో రెండు నిమ్మపొదలుండెను. విత్తనముచే పెంచిన నిమ్మ సాధారణముగ 4, 5 ఏండ్లకు కాపునకు వచ్చును. ఇవి 7 ఏండ్లు గడచినను ఒక్క కాయయైన నీయలేదు. కొట్టివేయుడని ఇరుగుపొరుగువారు చెప్పిరి. గొడ్డలి యెత్తబోవునంతలో లూకా సువార్త 13వ అధ్యాయములోని తోటమాలి మాకు జ్ఞాపకమునకు వచ్చెను. మూడేండ్లు ఫలింపని అంజూరపు చెట్టునకై అతడు యజమానుని మరియొక సంవత్సరము గడువు వేడుకొనెను. ఊరక వేడుకొనలేదు; చుట్టు త్రవ్వి యెరువు వేసెదనని పూచీపడెను. గడువడిగినవాడు గునపమును గూడ పట్టవలెను.

మేమును అట్లే చేసితిమి. పరిశీలింపగా తప్పు పొదలది కాదు, మాదే. ఒకదానిపై వేపకొమ్మలు కమ్ముకొని యెండ తగులనీయకుండెను. రెండవది నూతి ప్రక్క నుండుటచే దాని మొదట నీరు నిలిచి, కాండమునుండి బంక కారుచుండెను. కొమ్మలు నరికించితిమి, నీటికి కాలువ తీసితిమి, పాదులు త్రవ్వి చివికిన పశువుల యెరువు వేసితిమి. మరుసటి యేట మొదటి పొద పూచి కాచెను. రెండవది కోలుకొనలేదు. దానిని వేళ్లతో త్రవ్వించి కాల్చితిమి. ఆ చోట మరల నిమ్మను నాటక, కాలువ గట్టున అరటిపిలకను నాటితిమి. గడువు ముగిసిన పిమ్మటి జాలి తోటకు మేలు చేయదు.

ఇక అడవిపువ్వుల సంగతి. తొలకరి వానలకు మా కంచె ప్రక్కన తుమ్మి, విష్ణుక్రాంతము, గడ్డిచేమంతి మొలచును. తుమ్మిపూలపై ఉదయమున తేనెటీగలు ముసురును. ఆ యీగలే నిమ్మపూతకును పోవును. విష్ణుక్రాంతపు నీలిపువ్వు గోరంతయే. వంగి చూచినవారికే కనబడును. ఇవి కాయలనీయవని నిందించుట తగదు. కాయలకొరకు వీటిని నాటినవారెవరు? అడవిపువ్వులను చూచి ఆలోచింపుమని మత్తయి సువార్త 6వ అధ్యాయములో బోధించిన ప్రభువే అంజూరపు చెట్టు ఉపమానమును చెప్పెను. ఒకే తోటలో రెండు కొలతలు నుండవచ్చును.

పురుగు పుట్ర చేరునని కొందరందురు. నిజమే. కావున వాకిటిని, నడకదారిని శుభ్రముగ నుంచి, కంచె వెంబడి రెండు మూరల నేల మాత్రము వీటికి విడువవలెను. అయితే 1950 తరువాత మన దేశమంతట వ్యాపించిన వయ్యారిభామకు ఇందు చోటీయరాదు. అది చర్మమునకు దురదను, కొందరికి ఉబ్బసమును కలిగించును. చేతులకు గుడ్డ చుట్టుకొని, పూయకమునుపే దానిని పెరికివేయవలెను.

మా తరగతి గదియు నొక తోటయే. వెనుకబడిన బాలుని నిందింపకమునుపు అతనిపై ఏ నీడ కమ్మినదో ఉపాధ్యాయులమైన మేము విచారింపవలెను. నిమ్మపొదకు గడువు ముగియును గాని, బాలునికి ముగియదు. మార్కులలో కనబడని వరము గలవాడు కొందరిలో నుండును; అతనిని వంగి చూడవలెను. ప్రియ విద్యార్థులారా, ఈ సెలవులలో మీ పెరటిలో నొక పాదు త్రవ్వుడు, ఒక అడవిపువ్వును విడువుడు.