అంగడి గుమ్మమున మ్రోగు గంట

ఇచ్ఛాపురమున రైలెక్కి బరంపురమునకో, విశాఖపట్టణమునకో పోయి పెండ్లిబట్టలు, పండుగబట్టలు కొనితెచ్చుట మనవారి కలవాటు. అట్టి నగరములందలి పెద్ద యంగళ్లలో పెక్కింట గుమ్మమున కిరుప్రక్కల రెండు స్తంభములు నిలిచియుండును. చొక్కా మెడవెనుకనో, చీర మడతలోనో, సబ్బుపెట్టె యడుగుననో పలుచని చదరపు బిళ్ల యొకటి అంటింపబడియుండును. దీనిని ట్యాగు అందురు. సొమ్ము చెల్లింపక ఆ వస్తువును బయటికి గొనిపోయినచో గుమ్మమున గంట మ్రోగును. ఈ సాధన మెట్లు పనిచేయునో విద్యార్థులకు దెలుపుటయేగాక, దానిని గూర్చిన మా యభిప్రాయమును గూడ నీ పత్రికాముఖమున విన్నవింపగోరుచున్నాము. ఆ యభిప్రాయ మిది: ట్యాగు పెట్టుకొనుట వర్తకుని హక్కు, కాని గంట మ్రోగినంతమాత్రమున మనుష్యుని దొంగయనుటకు ఎవ్వరికిని హక్కు లేదు.

పూర్వపు అంగడి యెట్లుండెడిదో పెద్దలకు జ్ఞాపకమే. షావుకారు గద్దెపై కూర్చుండును. బియ్యపు బస్తాలు, నూనె డబ్బాలు, బట్టల తానులు ఆయన వెనుక నుండును. కొనువాడు బయట నిలిచి యడుగును. షావుకారు తూచియు, కొలిచియు నిచ్చును. సరకును ముట్టు నవకాశమే లేనప్పుడు దొంగిలించు నవకాశమును స్వల్పమే. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ యను నంగడిని తెఱచి, కొనువారే బుట్ట పట్టుకొని అరల నడుమ తిరిగి తమకు గావలసినవి తామే తీసికొను పద్ధతిని నెలకొల్పెను. ఆ పద్ధతి క్రమముగా లోకమంతట వ్యాపించినది. అయితే సరకు అందఱి చేతికి నందినప్పుడు, కొందఱి సంచులలోనికి వెలయీయకయే జారిపోవుటయు దానితోబాటే వచ్చినది.

దీనికి ప్రతిక్రియ యని చెప్పదగిన సాధనము 1960 తరువాతి దశాబ్దమున బయలుదేఱెను. న్యూయార్కు వాడైన ఆర్థర్ మినాసీ 1966లో నోగో అను సంస్థను స్థాపించెను. ఇంచుమించుగా ఆ కాలముననే, ఓహైయో రాష్ట్రమున నొక యంగడి నిర్వాహకుడుగా నుండిన రోనాల్డ్ అస్సాఫ్ సెన్సర్మాటిక్ అను సంస్థను స్థాపించెను. గుమ్మమున కాపలాకాయు ట్యాగులు వీరివలనను, వీరివంటి వారివలనను వ్యాప్తిలోనికి వచ్చినవి.

ఇక నది పనిచేయు విధము. విరివిగా వాడబడు రేడియో ట్యాగులో కాగితమువంటి పలుచని అల్యూమినియపు తీగచుట్టయు, ఒక చిన్న కెపాసిటరును ఉండును, బ్యాటరీ యుండదు. ఆ రెండును గలిసి 8.2 మెగాహెర్ట్సులకు, అనగా సెకనునకు 82 లక్షల కంపనముల శ్రుతికి, అమర్పబడియుండును. గుమ్మపు స్తంభము ఆ శ్రుతికి అటునిటు నుండు రేడియో తరంగములను ఎడతెగక వెలువరించుచుండును. ఒకే శ్రుతికి బిగించిన రెండు తంబురాలలో నొకదానిని మీటినప్పుడు రెండవదాని తీగ ముట్టకయే కంపించుట సంగీత మభ్యసించు పిల్ల లెఱిగినదే. దీనినే భౌతికశాస్త్రమున అనునాద మందురు. అట్లే ట్యాగు గుమ్మము దగ్గఱకు రాగానే ఆ తరంగములకు బదులు పలుకును. స్తంభము దానిని గ్రహించి గంట మ్రోగించును. కౌంటరున సొమ్ము చెల్లించిన పిమ్మట వస్తువును అచటి పలకపై నుంచుదురు. ఆ పలక పుట్టించు బలమైన క్షేత్రముచే కెపాసిటరులోని పలుచని పొర చెడి, ట్యాగు మూగవోవును. ఖరీదైన బట్టలకు గ్రుచ్చు గట్టి ప్లాస్టిక్కు బిళ్లలను మాత్రము ప్రత్యేకమైన సాధనముతో ఊడదీయుదురు.

ఈ విద్యకు దగ్గఱి చుట్ట మొకటి మన యూరి ప్రక్కనే కలదు. 16వ నంబరు జాతీయ రహదారిపై బెల్లుపడ టోలుగేటు వద్ద కార్లకును లారీలకును అద్దములపై అంటించిన ఫాస్టాగును చూడని విద్యార్థి యుండడు. 2021 ఫిబ్రవరి నుండి దేశమంతట నిర్బంధమైన ఆ బిళ్లకును బ్యాటరీ లేదు. అదియు రేడియో తరంగములకే బదులు పలుకును. కాని దానిలో నొక చిన్న చిప్పు కలదు. అది తన సంఖ్యను జెప్పును. ఆ సంఖ్యనుబట్టి వాహనము తెలియును, ఖాతానుండి రుసుము తీసికొనబడును. మనము పైని వర్ణించిన అంగడి ట్యాగునకు సంఖ్య లేదు, జ్ఞాపకము లేదు. అది చెప్పగలిగినది ఒక్కటే మాట: “నన్నింకను మూగదానిని చేయలేదు.”

పాఠకు లీ మాటను శ్రద్ధగా గమనింపవలెను. సొమ్ము చెల్లించిరో లేదో ట్యాగునకు దెలియదు. కౌంటరునందలి గుమాస్తా తొందరలో దానిని పలకపై నుంచుట మఱచెనేమో దానికి దెలియదు. మఱియొక యంగడిలో కొని సంచిలో వేసికొన్న వస్తువుపై మూగవోని బిళ్ల మిగిలియుండినను గంట మ్రోగవచ్చును. చంటిబిడ్డ తల్లి యెఱుగకుండ బొమ్మను చేతబట్టుకొని వచ్చినను మ్రోగును. వీరిలో నెవ్వరును దొంగలు కారు. మన చట్టమును ఇదియే చెప్పుచున్నది. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షను ప్రకారము, వంచనబుద్ధితో తీసికొనినప్పుడే అది దొంగతన మగును. బుద్ధిని పసిగట్టు స్తంభమును ఏ శాస్త్రజ్ఞుడును ఇంకను కనిపెట్టలేదు.

గంట యందఱికిని ఒకే తీరున మ్రోగును; కాని విన్నవారి చూపులు అందఱిపై నొకే తీరున పడవు. తెల్లని యిస్త్రీబట్టలు ధరించి కారు దిగిన పెద్దమనిషి నడచునప్పుడు మ్రోగినచో, “అయ్యా, మా పొరపాటు, బిళ్ల తీయుట మఱచితిమి” అని కావలివాడు నవ్వును. కవిటి దగ్గఱి కొబ్బరితోటలనుండియో, సముద్రపుటొడ్డు పల్లెనుండియో కూతురి పెండ్లికి బట్టలు కొనవచ్చిన తల్లి నడచునప్పుడు మ్రోగినచో, పదిమంది యెదుట సంచి బోర్లించుమని గద్దించుట జరుగవచ్చును. ఆమె చేతిలో బిల్లున్నను, ఆ భాష, ఆ వెలుతురు, ఆ జనము చూచి నోట మాట రాదు. తరువాత క్షమింపుమనినను, ఆ యవమానమును ఆమె యింటికి మోసికొని పోవలసినదే.

వర్తకుని పక్షమున చెప్పదగిన మాటలును గలవు. అవి తేలికైనవి కావు. పోయిన సరకు నష్టము తుదకు వెలలో జేరి నిజాయతీగా కొనువారి నెత్తినే పడును. ఏ యంగడిలోనైన లెక్క తగ్గినప్పుడు యజమాని మొదట నిలదీయునది అరల దగ్గఱ నిలిచియుండు పనివారిని. మన ప్రాంతపు బిడ్డలెందఱో పొట్టకూటికై నగరముల కేగి యిట్టి యంగళ్లలోనే పనిచేయుచున్నారు. ట్యాగు వారిని అపనిందనుండి కాపాడును. ప్రతి గిరాకీ వెంటను నీడవలె తిరుగు నవస్థను తప్పించును. కావున ట్యాగు వలదని మే మనము. దానిని కావలిగా నుంచుకొనవలెనుగాని న్యాయాధిపతిగా కూర్చుండబెట్టరాదని మాత్రమే మా మనవి.

నిజముగా దొంగతనము జరిగినప్పుడును మితము తప్పరాదు. పైని చెప్పిన సెక్షను దొంగతనమునకు మూడేండ్లవఱకు ఖైదును విధింపవచ్చుననుచునే, వస్తువు విలువ 5,000 రూపాయలకు లోబడి, నేరస్థుడు మొదటిసారి శిక్షకు గుఱియగువాడై, వస్తువునైనను దాని విలువనైనను తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్ష యని విధించుచున్నది. దేశపు చట్టమే దిద్దుకొనుటకు ద్వారము తెఱచియుంచగా, అంగడివారు ఆ మనుష్యుని చిత్రమును సెల్‌ఫోనులో తీసి వాట్సాపులో ఊరంతటికి పంపుట యే న్యాయము? పిల్లల విషయమున నది చట్టవిరుద్ధము గూడను. నేరారోపణ పొందిన బాలబాలికల గుర్తింపును పత్రికలలోగాని మఱి యే ప్రసారసాధనములోగాని వెల్లడింపరాదని 2015 నాటి బాలన్యాయ చట్టము నిషేధించుచున్నది.

విద్యార్థులారా! ట్యాగును మోసగించుట తెలివియని తలచువారు మీలో నెవ్వరైన నుందురేమో. 2024లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున చదువుకొనబోయిన యిద్దఱు తెలుగు విద్యార్థినులు కొన్ని సరకులకు వెల చెల్లింపలేదను ఆరోపణపై నిర్బంధింపబడిన వార్త తెలుగునాట నింటింట చెప్పుకొనబడినది. దొంగతనము వంటి నేరములవలన వీసా రద్దుకావచ్చునని భారతదేశమందలి అమెరికా రాయబార కార్యాలయము 2025 జూలైలో బహిరంగముగా హెచ్చరించినది. తోటలు తాకట్టుపెట్టి బిడ్డలను విదేశములకు పంపు తల్లిదండ్రులకు ఇది చిన్న సంగతి కాదు. ఐనను, పట్టుబడుదుమను భయముచేత మాత్రమే చేయి ముడుచుకొనువాడు, స్తంభములు లేని యంగడిలో నేమి చేయును? ఆ ప్రశ్నకు ట్యాగు బదులు చెప్పజాలదు. బడియు, ఇల్లును చెప్పవలెను.

కావున మా సూచనలు మూడు. వర్తకులు గంట మ్రోగినప్పుడు మొదట తమ కౌంటరును విచారింపవలెను. కొనువారిని ప్రక్కకు మర్యాదగా పిలిచి, “అమ్మా, బిళ్ల తీయుట మఱచితిమేమో, బిల్లు చూపుదురా” యని యడుగవలెను. సంచి సోదా యవసరమైనచో నలుగురియెదుట చేయరాదు. కొనువారు బిల్లును గుమ్మము దాటువఱకైనను చేతనుంచుకొనవలెను. గంట మ్రోగిన పరుగెత్తక, సిగ్గుపడక, నిలిచి చూపవలెను. చూచుచున్న తక్కినవారు నవ్వరాదు, సెల్‌ఫోనులు తీయరాదు. వీలైనచో ఆ దిక్కుతోచని మనిషి ప్రక్కన నిలిచి రెండు మాటలు సాయము చెప్పవలెను.

పాఠశాలకు గూడ నొక ప్రతిపాదన చేయుచున్నాము. వచ్చు సంవత్సరమున వసారాలో నొక బీరువా నుంచి, దానిలో పెన్సిళ్లు, నోటుపుస్తకములు, రబ్బరులు పెట్టి, వెలల పట్టికను, డబ్బు వేయుటకొక డబ్బాను ఏర్పాటు చేయుదము. తాళము వలదు, కావలివాడు వలదు, గంట యసలే వలదు. నెల కొకసారి పదవ తరగతివారు సరకును, సొమ్మును లెక్కించి, ఎంత కుదిరినదో, ఎంత తగ్గినదో ఎవ్వరి పేరును ఎత్తకుండ నోటీసు పలకపై వ్రాయుదురు. మొదటి నెల కొంత తగ్గినను మేము బీరువాను మూయము. సంవత్సరాంతమున నా లెక్కల నీ పత్రికలోనే ప్రకటించుటకు సంపాదకవర్గము వారు చోటిత్తురని నమ్ముచున్నాము.