పాట పోలేదు, చిట్టా చెడింది

పాట పక్కన ఆశ్చర్యార్థకం కనపడగానే "ఫైలు ఎగిరిపోయింది" అని డిలీట్ కొట్టేసేవాళ్ళు మనలోనే బోలెడుమంది. ఆఫీసులో ఇండెక్సు పాడైతే డేటా పోయిందని చేతులెత్తేస్తామా? మరి ఇంట్లో ఎందుకండీ ఈ తొందర?

ఐట్యూన్స్ అయినా, 2019లో మాక్‌లో దాని స్థానంలోకొచ్చిన మ్యూజిక్ యాప్ అయినా, ఆ చిట్టాలో ఉండేది పాట కాదు, పాట చిరునామా. ఫోల్డరు పేరు మార్చారా, ఇక దానికి దారి తెలీదు. ఫోల్డరుని పాత చోటికి చేర్చండి, సగం రోగం అక్కడే కుదురుతుంది. డిలీట్ కొడితే మాత్రం రేటింగులూ, ప్లేలిస్టులూ పోతాయి, ఫైలేమో ఎక్కడో అనాథలా పడుంటుంది.

అసలు తప్పు చిట్టానే నమ్ముకోవడం. మాయాబజార్, 1957, ఘంటసాల, పింగళి - ఇవన్నీ ఫైల్లోనే ఉండాలి. ఐడీ3 రెండో వెర్షన్లో సంగీత దర్శకుడికీ, గీత రచయితకీ కూడా వేరే గళ్ళున్నాయి. అవి ఖాళీగా వదిలేసి "ట్రాక్ 01" అని పెట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేరు కాపాడుతుంది?

స్ట్రీమింగ్ ఉండగా ఈ గోలెందుకంటారా? హక్కుల ఒప్పందం తీరి అక్కడ పాట మాయమైతే, రిపేరు చేసుకోడానికి మీ దగ్గర ఫైలే ఉండదు. ఇక క్యాసెట్లోంచి ఎక్కించుకున్న తాతగారి గొంతంటారా, అది ఏ సర్వర్లోనూ దొరకదు.