తీరిక వేళ: పెద్దవాళ్ళ ఫొటోకు రెండవ ఫ్లాషు

కిందటి సంచికలో ఫ్లాషును కెమేరా నెత్తిమీదనుంచి దించి, గొడుగు తగిలించి ప్రక్కగా నిలబెట్టే పద్ధతి చెప్పుకున్నాము. అది చేసి చూసినవారు కొందరు వొక సందేహం వెలిబుచ్చారు. ముఖం బాగానే వస్తున్నదట, జుట్టు మాత్రం వెనుక చీకటిలో కలిసిపోతున్నదట. రెండవ ఫ్లాషు కొనవలెనా, కొంటే ఎటువంటిది కొనవలెను అని వారి ప్రశ్న. ప్రశ్న సబబైనదే. అయితే రెండవ దీపం చేసే పనేమిటో తెలియకుండా కొంటే డబ్బూ పోతుంది, ఫొటోయూ పాడవుతుంది.

చాలామంది చేసేదేమిటంటే, రెండు ఫ్లాషులను చెరొక ప్రక్క సమానంగా పెట్టి కొట్టడం. దానితో ముక్కుకు రెండు వైపులా రెండు నీడలు పడతాయి, లేదా నీడలన్నీ పోయి ముఖం అప్పడంలా చదునవుతుంది. మొదటి దీపం పెళ్ళికొడుకు అయితే రెండవది తోడి పెళ్ళికొడుకు. ప్రక్కన వుండవలసినదే గాని పీటల మీద తాను కూర్చోరాదు.

మన పెద్దలు యీ సంగతిని తెరమీద ఎన్నోసార్లు చూసినవారే. 1957లో వచ్చిన "మాయాబజార్"కు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆ కాలపు నలుపు తెలుపు చిత్రాలలో నటీనటుల వెనుక పైనుంచి వొక దీపం పెట్టేవారు. అది జుట్టు అంచునా భుజంమీదా సన్నని వెలుగు గీత గీసేది. రంగు లేని తెరమీద నల్లని జుట్టును నల్లని నేపథ్యంనుంచి వేరు చేసినది ఆ గీతే. మనవాళ్ళ జుట్టు నలుపు, మన పాత యిళ్ళలో నడిమి గదులు చీకటి. గనుక రెండవ ఫ్లాషు ముందు చేయవలసిన పని యిదే.

రెండవ పని, ముఖంమీద నీడను పలచన చేయడం. దీనికి ఫ్లాషు అక్కరలేదు. తెల్లని పంచె వొకటి మడిచి కుర్చీ వీపుమీద ఆరవేసి, నీడ పడిన చెంపకు రెండడుగుల దూరంలో పెడితే చాలును. థర్మకోలు పలక అయినా సరే. గోడమీద కొట్టి వెలుతురు తిప్పుదామనుకుంటే గోడ రంగు చూసుకోవలెను. పచ్చ గోడ అయితే ముఖమూ పచ్చబడుతుంది.

ఇక కొనడం. రెండవ ఫ్లాషుకు తెలివితేటలు అవసరం లేదు. చేత్తో బలం తగ్గించి పెంచుకునే సాదా ఫ్లాషు చాలును. కెమేరా కంపెనీవారి పెద్ద ఫ్లాషు ఖరీదులో నాలుగవ వంతుకో, అంతకన్న తక్కువకో దొరుకుతుంది. చూడవలసినవి రెండు. వొకటి, బలాన్ని పూర్తినుంచి 64వ వంతు దాకా తగ్గించే వీలు. రెండు, వేరొక ఫ్లాషు మెరుపును చూసి తానూ మెరిసే కన్ను. ఈ కన్ను వుంటే గదిలో తీగలు అక్కరలేదు. కొన్ని ఫ్లాషులు అసలు మెరుపుకు ముందు వెలుతురు కొలవడానికి వొక చిన్న మెరుపు మెరుస్తాయి. కన్ను దానికే మోసపోయి ముందుగా మెరిసిపోతుంది. మొదటి ఫ్లాషును కూడా చేతి పద్ధతిలో పెడితే ఆ చిక్కు వుండదు. ఎండలో కన్ను సరిగా పనిచేయదు. పెళ్ళి పందిట్లో నలుగురి మెరుపులకూ మెరుస్తుంది. అటువంటి చోట్లకు రేడియో మీట కొనవలెను.

పాత ఫ్లాషు చవకగా వచ్చినదని కెమేరా నెత్తిన తగిలించవద్దు. వెనుకటి ఫ్లాషులలో కొన్నిటి పాదం వద్ద 200 వోల్టులకు పైగా విద్యుత్తు వుంటుంది. నేటి కెమేరాలలో కొన్ని దానికి తట్టుకోలేవు. అటువంటి దానిని విడిగా కన్ను తగిలించి దూరంగా వాడుకోవచ్చును.

అమరిక యిలా మొదలుపెట్టండి. ఐ.ఎస్.ఓ. 200, వేగం సెకండులో 125వ వంతు, ద్వారం ఎఫ్ 5.6. మొదటి ఫ్లాషు గొడుగుతో, కూర్చున్నవారికి నాలుగడుగుల దూరంలో, ప్రక్కగా, కళ్ళకన్న ఎత్తున, 8వ వంతు బలంతో. రెండవది వెనుక రెండవ ప్రక్కన ఆరడుగుల దూరంలో, తలకన్న ఎత్తున, గొడుగు లేకుండా 32వ వంతుతో. వొక్కొక్క ఫ్లాషునూ విడిగా కొట్టి చూసి తరువాత రెండూ కలపండి. ఎక్కువనిపిస్తే దూరం జరపండి. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగవ వంతుకు పడిపోతుంది. వెనుక ఫ్లాషు వెలుతురు నేరుగా కెమేరా కంటిలో పడితే బొమ్మ పొగబారుతుంది. ఫ్లాషుకు కెమేరా వైపున వొక క్యాలెండరు అట్ట అడ్డుకట్టండి.

జుట్టు తెల్లబడినవారికి వెనుక దీపం 64వ వంతు చాలును, లేకపోతే తల సున్నం కొట్టినట్టు వస్తుంది. బట్టతల అయితే ఆ ఫ్లాషును వెనుక గోడమీదికి తిప్పండి. గోడ వెలిగితే మనిషి విడిగా కనబడతాడు. కళ్ళద్దాలు తీయించవద్దు. తాతగారిని మనుమలు గుర్తుపట్టేది ఆ అద్దాలతోనే. ముందరి దీపం యింకొంచెం ఎత్తి, అద్దాల కాడలను చెవులమీద కాస్త పైకి లేపితే మెరుపు పోతుంది. అమరిక అంతా యింట్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి సరిచూసుకున్న తరువాతనే పెద్దవారిని పిలవండి. వారిని గంటసేపు కూర్చోబెడితే ఫొటోలో కనబడేది అలసటే. గొడుగు స్టాండు కాళ్ళమీద బియ్యం సంచో, నీళ్ళ సీసాలో పెట్టి ఫ్యాను ఆపండి. ఆరుబయట ఆరణి యేటి గాలికి గొడుగు ఎగిరి ఎవరిమీద పడుతుందో చెప్పలేము.

యింత శ్రమ దేనికంటారా? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినది. ఆనాడు పలకా బలపం పట్టుకుని బడికి వెళ్ళిన పిల్లలు యీనాడు డెబ్బై దాటినవారు. వారిలో ఎంతమందికి తమకంటూ వొక మంచి ఫొటో వున్నది? పెళ్ళి గుంపులో వెనుక వరుసలో వొక తల, గుర్తింపు కార్డుమీద మసక బొమ్మ, అంతే. మనిషి పోయిన పదోనాడు ఆ తలనే కత్తిరించి పెద్దది చేయించి దండ వేస్తున్నాము. వారు నవ్వుతూ ఎదుట కూర్చుని వుండగా తీసే ఫొటో వేరు.

రెండవ ఫ్లాషు యిద్దరు ముగ్గురు బంధువులు కలిసి కొన్నా చాలును, యిల్లిల్లూ తిరుగుతుంది. తీసిన ఫొటోను ఫోనులోనే వుంచక కాగితంమీద వేయించండి. వెనుక పెన్సిలుతో పేరూ, ఊరూ, సంవత్సరమూ తెలుగులో వ్రాయండి. తెలుగు చదవలేని మనుమలు వున్న యింట్లో తమిళంలోనూ వ్రాయండి.

వచ్చే నెల యిదే ఫ్లాషుతో పాత ఫొటోలకు మెరుపు పడకుండా నకలు తీయడం చెప్పుకుందాము.