రాజమార్గమున పౌరుని హక్కు

పట్టణమునకు మోటారుబండిలో పోవు ప్రతి గృహస్థునకును, కిరాయికి ఆటో నడపుకొను ప్రతి శ్రామికునకును పరిచితమైన దృశ్యమొకటి కలదు. నాలుగు దారుల కూడలిలో పోలీసువాని చేయి లేచును, బండి ఆగును, తాళపుచెవి అతని చేతిలోనికి పోవును. పిదప జరుగునది శాసనానుసారముగ జరుగుచున్నదా, లేక చేయెత్తినవాని చిత్తానుసారముగ జరుగుచున్నదా యని ప్రశ్నించువారు అరుదు. ప్రశ్నించిన తగవు, ప్రశ్నింపకున్న నష్టము. ఈ రెంటికిని నడుమ శాసనమే ఒక త్రోవ చూపినది.

మొదట పౌరుని ధర్మమును చెప్పుదము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 130వ సెక్షను ననుసరించి, యూనిఫారము ధరించిన ఏ పోలీసు ఉద్యోగి అడిగినను డ్రైవరు తన లైసెన్సును చూపవలెను. రిజిస్ట్రేషను, భీమా పత్రములను 158వ సెక్షను ప్రకారము చూపవలెను. 2018లో కేంద్ర నియమములు సవరింపబడుటచే, వీనిని సెల్‌ఫోనులో ఎలక్ట్రానిక్ రూపమున చూపినను చాలును. అసలు కాగితమేది యని గద్దించుటకు నేడు ఆధారము లేదు. డ్రైవరు మద్యము సేవించెనని సహేతుకముగ అనుమానించినప్పుడు ఊపిరి పరీక్ష కోరవచ్చును. నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు మించిన నేరము. ఈ విషయములలో మొండితనము పనికిరాదు.

కాని చూచుట వేఱు, లాగుకొనుట వేఱు. లైసెన్సును స్వాధీనపరచుకొనిన ఉద్యోగి దానికి రశీదు ఈయవలెనని 206వ సెక్షను విధించుచున్నది. లైసెన్సు తిరిగి చేతికి వచ్చువఱకు గాని, అందు వ్రాసిన తేదీవఱకు గాని, కొన్ని నేరముల విషయమున తప్ప, ఆ రశీదే బండి నడపుటకు అనుమతిపత్రము. బండినే పట్టి నిలుపుటకు 207వ సెక్షను అధికార మిచ్చినది. అదియు ముఖ్యముగ లైసెన్సు లేకయో, వయసు చాలకయో, రిజిస్ట్రేషను లేకయో, పర్మిట్టు నియమములు మీఱియో నడపుచున్నారని నమ్ముటకు కారణమున్నప్పుడు మాత్రమే. మద్యము సేవించి నడపిన కారణముచేతనే బండిని స్వాధీనపరచుకొనరాదనియు, లైసెన్సుగల తోడివానికో బంధువునకో అప్పగింపవలెననియు, ఎవ్వరును లేనప్పుడే తాత్కాలికముగ భద్రపరుపవలెననియు 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. తాళపుచెవి లాగుకొనుటయు, చక్రములలోని గాలి తీయుటయు ఆ చట్టమున నెచ్చటను పేర్కొనబడలేదు.

ఇక సోదా. లైసెన్సు చూపుమను అధికారములో బండిని తెఱపించి వెదకు అధికారము ఇమిడి యుండలేదు. దానికి వేఱు శాసనమును, నమ్మదగిన కారణమును కావలెను. మన్యమునుండి గంజాయి మైదానములకు దిగుచున్న ఈ దినములలో సోదాలే వలదని ఎవ్వరు అనగలరు? 1985 నాటి మాదకద్రవ్యముల శాసనము విశేషాధికారముల నిచ్చినది. వానితోపాటు కట్టుబాట్లను విధించినది. వచ్చిన సమాచారమును వ్రాతలో నుంచి, 72 గంటలలో పై అధికారికి నకలు పంపవలెనని 42వ సెక్షను చెప్పుచున్నది. ఒకని దేహమును సోదా చేయుటకు ముందు, గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో సోదా కోరు హక్కు అతనికి కలదని తెలిపితీరవలెనని 1999లో సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. సంచికిని బండికిని మాత్రము ఈ రెండవ రక్షణ వర్తింపదు.

ఈ కట్టుబాట్లు దోషులకు కోటగోడలని కొందఱందురు. అనుభవము వేఱుగా చెప్పుచున్నది. హర్యానాలో ఒక జీపులో నల్లమందు మొక్కల తుక్కు సంచులు పట్టుబడినవి. క్రింది కోర్టు శిక్షించినది, హైకోర్టు స్థిరపఱచినది. ప్రైవేటు జీపు దారిలో నున్నంతమాత్రమున బహిరంగస్థలము కాజాలదనియు, 42వ సెక్షను పాటింపబడలేదనియు 2021 ఏప్రిలులో సుప్రీము కోర్టు ఆ శిక్షను రద్దు చేసినది. సరకు దొరికినది, కేసు నిలువలేదు. కోర్టున ఓడినది పోలీసువారి తొందరపాటే.

అదే సంవత్సరము అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసువారు బాటసారులనాపి, వారి సెల్‌ఫోనులలోని సంభాషణలందు గంజాయి మాటకై వెదకిన దృశ్యములు దేశమంతట చూడబడినవి. ఆంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ పలికిన దేశమున, వ్యక్తిగతమైన అనుమానకారణము లేకయే దారినపోవు ప్రతివాని ఉత్తరములు చదువుట ఏ న్యాయము?

2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను, తన క్రింద జరుగు సోదాలను దృశ్యశబ్దములతో రికార్డు చేయవలెనని ఆజ్ఞాపించుచున్నది. ఇది మంచి విధి. నిజాయితీగల ఉద్యోగికి కవచము, పౌరునకు సాక్ష్యము.

ఒక దినము ఆటో నిలిచిన ఆ యింట పొయ్యి వెలుగదు. దుక్కి దినములలో ట్రాక్టరు నిలిచిన పొలము బీడుపడును. కావున ప్రభుత్వము ప్రతి తనిఖీ స్థలమునను ఈ విధులను తెలుగున పలకపై వ్రాయింపవలెను. పౌరుడును అడిగిన పత్రమును వెంటనే చూపి, వినయముగ రెండు మాటలు అడుగనేర్వవలెను: ఏ సెక్షను క్రింద? రశీదు ఏది? ఇట్లు అడుగుట ధిక్కారము కాదు. అడుగువాడు లేనిచోట శాసనము పుస్తకముననే యుండిపోవును.