క్షమాపణ సరే, పరిహారం మాటేమిటి?

2024 డిసెంబరు 17న బ్రిటన్ పార్లమెంటులో, పింఛన్ల శాఖ మంత్రి లిజ్ కెండల్ ఒకే ప్రకటనలో రెండు మాటలు చెప్పారు. ఉత్తరాలు పంపడంలో 28 నెలలు ఆలస్యం చేశాం, క్షమించండి అన్నది ఒకటి. పరిహారం మాత్రం ఇవ్వం అన్నది రెండవది.

అక్కడ ప్రభుత్వ పింఛను స్త్రీలకు 60 ఏళ్లకు, పురుషులకు 65 ఏళ్లకు వచ్చేది. 2010 నుండి 2020 లోగా స్త్రీల వయస్సునూ 65కు పెంచాలని 1995లో చట్టం చేశారు. 2011లో మరో చట్టం దాన్ని తొందరపెట్టి, 2020 అక్టోబరు నాటికి అందరికీ 66 చేసింది. ఈ సమానత్వాన్ని స్త్రీలు తప్పు పట్టడం లేదు. వారి తరఫున పోరాడుతున్న 'వాస్పి' సంఘం కూడా పట్టడం లేదు. 1950వ దశకంలో పుట్టిన 35 లక్షల మందికి పైగా స్త్రీల విషయంలో ఆ సంఘం అడిగేది ఒక్కటే: ముందుగా, సరిగా ఎందుకు చెప్పలేదు? అరవైకి పింఛను వస్తుందనే లెక్కతో ఉద్యోగం మానుకున్న మనిషికి ఆ తేదీ జరిగిపోయిందని చివరి క్షణంలో తెలిస్తే ఏం చేస్తుంది? మానుకున్న పని తిరిగి దొరకదు, దాచుకున్నది కరిగిపోతుంది.

1995 చట్టం గురించి తెలియజేయడంలో శాఖ తప్పు చేసిందని అంబుడ్స్‌మన్ 2021లోనే తేల్చారు. 2024 మార్చిలో, ఒక్కొక్కరికి 1,000 నుండి 2,950 పౌండ్లు ఇవ్వాలని సూచించారు. శాఖ వినదేమోనన్న అనుమానంతో నివేదికను నేరుగా పార్లమెంటు ముందు పెట్టారు. ఆ అనుమానమే నిజమైంది.

ప్రభుత్వం చెప్పే కారణం, 2006 నాటికే 90 శాతం మందికి వయస్సు పెరుగుతోందని తెలుసునట. తెలియడంలో రెండు రకాలున్నాయి. ఆదివారం వేదిక మీద ప్రకటన చదివేసి, ఇక అందరికీ తెలిసిపోయిందని అనుకోవడం మా పాస్టర్లకూ అలవాటే. కూటం వేళ మారిందని విన్నవారందరికీ ఏ వేళకు మారిందో గుర్తుండదు. 2004లో ఆ శాఖ చేయించిన సర్వేలోనే, తమ పింఛను వయస్సు 60 దాటిందని తెలిసిన స్త్రీలు 43 శాతమే. అడగకుండా వచ్చిన ఉత్తరాన్ని చదివి గుర్తుంచుకునేవారు నలుగురిలో ఒక్కరేనని కూడా వాదించారు. అదే నిజమైతే ఏ శాఖా ఇక ఎవరికీ ఉత్తరం రాయనక్కరలేదు!

ఖర్చు మాట కొట్టిపారేయలేం. అందరికీ ఇస్తే 1,050 కోట్ల పౌండ్ల వరకు కావాలి. ముందే తెలిసినవారికీ ప్రజాధనం వెళ్తుందన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే నష్టపోయినవారిని వేరుచేసి వారికైనా ఇవ్వాలి గదా? ఆ దారీ పట్టలేదు.

ఆ ఏడాది పూర్తి పింఛను వారానికి 221 పౌండ్ల 20 పెన్నీలు. అంబుడ్స్‌మన్ సూచించిన గరిష్ఠ మొత్తం పదమూడు వారాల పింఛను. కొందరు స్త్రీలు అదనంగా ఎదురుచూసింది ఆరేళ్లు, అంటే మూడు వందలకు పైగా వారాలు.